కల్లు వాసన వచ్చిన ప్లేటు

2018 మార్చి 6, మంగళవారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు మా ల్యాబులోని రక్త కల్చరు యంత్రం మోగింది. అప్పటికి నేను ప్రభుత్వ వైద్య కళాశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలు సూక్ష్మజీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. జగిత్యాలలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మైక్రోబయాలజిస్టుగా చేరి రెండేళ్లయింది. నా పని రెండు రకాలు. రోగుల రక్తంలో, మూత్రంలో, చీములో ఏ క్రిమి పెరుగుతోందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చెప్పడం ఒకటి. ఆసుపత్రిలో ఒక రోగి జబ్బు మరొక రోగికి అంటకుండా చూసే కమిటీకి కార్యదర్శిగా ఉండడం రెండవది. మొదటి పనికి జీతం ఇచ్చేవారు. రెండవ పనికి నెలకొకసారి సమావేశంలో సమోసాలు పెట్టేవారు. కోరుట్లలోను, సిరిసిల్లలోను మాకు చిన్న శాఖలు ఉండేవి. అక్కడి నమూనాలు కూడా బస్సులో మా దగ్గరికే వచ్చేవి.

రక్త కల్చరు అంటే ఇది. రోగి రక్తాన్ని పోషక ద్రవం ఉన్న సీసాలోకి ఎక్కించి యంత్రంలో పెడతాం. లోపల జీవి ఏదైనా పెరిగితే, అది వదిలే వాయువును పసిగట్టి యంత్రం మోగుతుంది. అప్పుడు సీసాలోంచి ఒక చుక్క తీసి గాజు పలక మీద పూసి, రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూస్తాం. ఆ రోజు పలక తయారు చేసినవాడు మా టెక్నీషియన్ శ్రీకాంత్. మెట్‌పల్లి కుర్రవాడు, పని వచ్చినవాడు, నోటికి మాత్రం తాళం లేదు.

“మేడం, మీరొకసారి చూడుండ్రి. గిది బ్యాక్టీరియా కాదు.”

చూశాను. ముదురు ఊదా రంగులో గుండ్రటి కణాలు. బ్యాక్టీరియా కన్నా చాలా పెద్దవి. కొన్నింటి పక్కన చిన్న మొగ్గలు. ఈస్టు.

ఈస్టు జాతులు మన చర్మం మీద, నోటిలో, పేగుల్లో ఉంటూనే ఉంటాయి. ఆరోగ్యంగా తిరిగే మనిషిని ఏమీ చేయవు. వీటిని అవకాశం కోసం కాచుకునే శిలీంధ్రాలు అంటారు. పెద్ద ఆపరేషన్ అయి, బలమైన యాంటిబయాటిక్కులు వాడుతూ, మెడలో గొట్టం ఉండి మంచం మీద పడుకున్న మనిషి దొరికితే, అదే ఈస్టు రక్తంలోకి దిగుతుంది. దిగిందంటే చిన్న విషయం కాదు. నా ఉద్యోగ కాలంలో రక్తంలో ఈస్టు పెరిగిన రోగుల్లో లేచి ఇంటికి నడిచి వెళ్లినవారు తక్కువ. అందుకే ఆ ఫలితాన్ని కాగితం మీద రాసి పంపి ఊరుకోకూడదని, వెంటనే ఫోను చేయాలని మాకు నియమం. చేశాను.

ఆ రక్తం ఐసీయూలో మూడవ మంచం మీద ఉన్న మల్లాగౌడ్‌ది. వయసు నలభై ఆరు, మేడిపల్లి దగ్గరి ఊరు, తాళ్లెక్కి కల్లు గీసే వృత్తి. ఫిబ్రవరిలో నడుముకు కట్టుకున్న మోకు జారి తాటిచెట్టు మీదినుంచి పడ్డాడు. పక్కటెముకలు విరిగాయి, ప్లీహం చితికింది, పేగు చిరిగింది. మా సర్జన్లు ప్లీహాన్ని తీసేసి పేగు కుట్టారు. కొన్నాళ్లు వెంటిలేటరు మీద ఉంచి తీసేశారు. మనిషి మాట్లాడుతున్నాడు, గాయాలు మానుతున్నాయి. ఆ గురువారం ఆయనను వార్డుకు మార్చాలని కూడా అనుకున్నారు. సోమవారం వణుకుతో జ్వరం వచ్చింది. అందుకే రక్తం మాకు పంపారు.

ఐసీయూ బాధ్యుడు డాక్టర్ వేణు. ముప్పై అయిదేళ్లవాడు, కష్టపడేవాడు. ఈస్టు అనగానే శిలీంధ్రాల మందు మొదలుపెడతానన్నాడు. సెంట్రల్ లైను కూడా తీసేయమని చెప్పాను. సెంట్రల్ లైను అంటే మెడలోని పెద్ద సిర ద్వారా గుండె దగ్గరి దాకా వేసే సన్నని గొట్టం. మందులు, పోషకాలు దాని ద్వారానే వెళతాయి. ఈస్టు ఆ గొట్టానికి పట్టుకుని పేరుకుంటుంది, గొట్టం ఉన్నంతకాలం మందుకు లొంగదు. వేణు ఒక రోజు గడువు అడిగాడు. చేతుల్లో సిరలన్నీ పాడయ్యాయని, ఇంకో దారి దొరకాలని అన్నాడు. అది అబద్ధం కాదు.

బుధవారం ఉదయానికి, ఆ రక్తం పూసి పెంచిన ప్లేట్ల మీద మీగడ రంగు మచ్చలు లేచాయి. రక్తంలో సాధారణంగా కనిపించే ఈస్టు జాతికి సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో, రెండు మూడు గంటల్లో తోక మొలుస్తుంది. దీనికి మొలవలేదు. అంటే ఇది వేరే జాతి. దాని పేరు తేల్చడానికి మరికొన్ని పరీక్షలు కావాలి. నేను వాటికి సిద్ధం చేస్తుండగా, చేయకూడని పని ఒకటి శ్రీకాంత్ చేశాడు. ప్లేటు మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పెరిగిన క్రిమిని వాసన చూడకూడదని మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా చెబుతాం.

“మేడం, గిది అచ్చం కల్లు వాసనస్తుంది.”

మూత వేయమన్నాను. వేశాడు. ఆ మాట మీద మాత్రం ఎవరూ మూత వేయలేకపోయారు. మధ్యాహ్నం నమూనాల కోసం పైకి వెళ్లినప్పుడు శ్రీకాంత్ దాన్ని సరదాగా ఐసీయూలో చెప్పాడు. రోగి గౌడు. ప్లేటుకు కల్లు వాసన. కల్లును పులియబెట్టేది ఈస్టు. ఈ మూడింటినీ కలపడానికి ఎవరికీ చదువు అక్కరలేదు. సాయంత్రం సెక్యూరిటీ గార్డు మల్లాగౌడ్ భార్య లచ్చవ్వ సంచి వెతికితే, అడుగున ప్లాస్టిక్ సీసా దొరికింది. ఖాళీదే, కాని కల్లు వాసన కొట్టింది. ఆ సాయంత్రమే ఆమెను ఐసీయూలోకి రానివ్వవద్దని ఉత్తర్వు వచ్చింది.

గురువారం పొద్దున్నే వేణు నా గదికి వచ్చాడు.

“మేడం, వాళ్లింట్ల పొద్దున లేస్తే కల్లే. పేషెంటు అడిగి ఉంటడు, ఆమె పోసి ఉంటది. ఇంకెక్కడికెళ్లొస్తది రక్తంలకు?”

కల్లు నోటిలో పోస్తే పేగు గోడ దాటి ఈస్టు రక్తంలోకి పోవడం అసాధ్యం కాదని, కాని జాతి పేరే తేలకుండా మూలం తేల్చవద్దని చెప్పాను. ఆయన తల ఊపాడు. ఆయనకు ఒక జవాబు దొరికింది. జవాబు దొరికిన మనిషి మళ్లీ వెతకడు.

లచ్చవ్వ మెట్ల దగ్గర కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి, ఎండకు నల్లబడిన చేతులు. నేను డాక్టర్నని ఎవరో చెప్పారు కాబోలు, లేచి నిలబడింది.

“డాక్టరమ్మా, నేను చుక్క సుత పోయలే. ఆ సీస మా మరిదిది. బయట చెట్టు కింద కూసొని తాగిండు, ఖాళీది పారెయ్యమని నా సంచిల ఏసిండు. కల్లు మా కులపోల్ల పని. గంతమాత్రాన కడుపు కోసి కుట్టిన మనిషికి పోస్తనా? నాకు గాపాటి తెల్వదా?”

మరిది రాజాగౌడ్ పక్కనే ఉన్నాడు. తల వంచుకున్నాడు. సీసా తనదేనని గట్టిగా చెప్పలేదు, కాదని కూడా అనలేదు. అప్పటికే ఊళ్లో మాట పాకిపోయిందని, అత్త ఫోనులో తిట్టిందని లచ్చవ్వ చెప్పింది. నేను ఆమెకు ఏ మాటా ఇవ్వలేదు. పరీక్ష పూర్తి కాలేదు. పరీక్ష పూర్తి కాకుండా మాట ఇవ్వడం నాకు రాదు.

అదే గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు యంత్రం మళ్లీ మోగింది. ఐసీయూ, నాలుగవ మంచం.

నాలుగవ మంచం మీద కోరుట్ల నుంచి వచ్చిన శకుంతల టీచర్. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, చక్కెర జబ్బు, తీవ్రమైన న్యుమోనియా. వచ్చినప్పటి నుంచి స్పృహ లేదు, వెంటిలేటరు మీద ఉంది. నోటి ద్వారా నీళ్లు కూడా పోవడం లేదు. కడుపులోకి వెళ్లేదంతా ముక్కు గొట్టంలోంచి, మా వంటగదిలో తూచి కలిపిన ద్రవం. పలక మీద చూశాను. అవే గుండ్రటి కణాలు, అవే మొగ్గలు. శుక్రవారం ఉదయానికి ప్లేటు మీద అదే మీగడ రంగు. సీరంలో తోక లేదు.

శ్రీకాంత్ రెండు ప్లేట్లను పక్కపక్కన పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి వెలుతురులో తిప్పి చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

“టీచరమ్మకు ఎవలు పోసిండ్రు మేడం కల్లు?”

ఒకే ఐసీయూలో, పక్కపక్క మంచాల్లో, ఇద్దరి రక్తంలో ఒకే అరుదైన ఈస్టు. ఇది బయటి నుంచి వచ్చింది కాదు. మా లోపల ఉంది.

మొదట ఏసీ గొట్టాల మీద అనుమానం వచ్చింది. శిలీంధ్రం పెరిగే పోషక పదార్థం పోసిన ప్లేట్లు నాలుగు తీసుకుని పైకి వెళ్లాను. మూత తీసి ఒక చోట గంటసేపు పెడితే గాలిలోంచి రాలేది వాటి మీద పడుతుంది. రెండు రోజుల్లో పెరిగి కనిపిస్తుంది. మల్లాగౌడ్ దిండు పక్కన ఒకటి, టీచర్ దిండు పక్కన ఒకటి, ఏసీ కింద ఒకటి, దూరంగా తలుపు దగ్గర ఒకటి పెట్టాను. రెండు మంచాల మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత చోటే ఉంది. మల్లాగౌడ్ కళ్లు తెరిచి నన్ను చూశాడు. జ్వరంతో పెదవులు ఎండిపోయాయి.

“అమ్మా, మా ఇంటామె అలిగిందా? రెండు దినాలాయె, అస్తలేదు.”

కింద ఉందని చెప్పాను. వస్తుందని చెప్పాను. ఇన్‌ఛార్జి సిస్టర్ సునంద నా పక్కకు వచ్చి, బుధవారం రాత్రి నుంచి ఆయన అదే అడుగుతున్నాడని అంది. తర్వాత గడియారం చూసింది. పది గంటలు. పది గంటల మందు వేళ.

ఆమె చేతిలో ఉన్నది ఒక చిన్న కాగితపు పొట్లం. చేతులకు గ్లోవ్స్ ఉన్నాయి. మంచం కాళ్ల వైపు, గాజు తలుపు అవతల లచ్చవ్వ బదులు మరిది నిలబడి ఉన్నాడు. సునంద పొట్లాన్ని ఎత్తి ఆయనకు చూపించింది. చింపింది. చిన్న గ్లాసులో వంచింది. అడుగున పొడి మిగలకుండా వేలితో టకటకా మూడుసార్లు కొట్టింది. కిటికీలోంచి పడే ఎండలో తెల్లటి పొగలాంటిది లేచి, నెమ్మదిగా మంచం మీదికి, మల్లాగౌడ్ మెడ మీదికి దిగింది. ఆమె నీళ్లు కలిపి ముక్కు గొట్టంలో పోసింది. ఆ గ్లోవ్స్‌తోనే మెడ గొట్టం మూత తిప్పి, సిరలోకి వెళ్లే మందు ఎక్కించింది. తర్వాత టీచర్ మంచం వైపు తిరిగింది.

ఆమెను ఆగమని చెప్పి, ఆ పొట్లం అడిగాను. కంపెనీ పేరు కింద చిన్న అక్షరాల్లో లోపలి సరుకు పేరు ఉంది. శాకరోమైసిస్. ఈస్టు. రొట్టెను పొంగించే, కల్లును పులియబెట్టే ఈస్టుకు సొంత తోబుట్టువు. యాంటిబయాటిక్కుల వల్ల వచ్చే విరేచనాలు తగ్గడానికి దాన్ని ఎండబెట్టి ప్రాణంతోనే పొట్లాల్లో నింపి అమ్ముతారు. తిరిగే మనిషికి అది మంచి మందు. ఆ పొట్లంలో కోట్ల కణాలు ఉంటాయి. మల్లాగౌడ్‌కు ఫిబ్రవరి చివరి నుంచి రోజుకు మూడు పొట్లాలు ఇస్తున్నారు. ల్యాబులో కూర్చున్న నాకు రోగి ఏ పొట్లం మింగుతున్నాడో తెలియదు. వేణుకు అది బ్రాండు పేరుతోనే తెలుసు. ఆ పేరులో ఈస్టు అన్న మాట లేదు.

టీచర్‌కు ఆ మందు రాయలేదు. ఒక్క పొట్లం కూడా ఇవ్వలేదు. ఆమెకు అది అంటడానికి కావలసినదల్లా పక్క మంచం, అదే జత గ్లోవ్స్.

సునంద రెండు చేతులూ ముందుకు చాపి చూపించింది. “మేడం, నేను గ్లోవ్స్ ఏసుకునే చేసిన. రోజు గట్లనే చేసిన.”

గ్లోవ్స్ ఆమె చేతిని కాపాడాయి. అవతలి మెడను కాపాడలేదు. ఆమె వేళ్లను, గ్లోవ్స్‌తోనే, మరొక ప్లేటు మీద అద్దించాను.

మంచం దగ్గరే ఎందుకు చింపుతున్నారని అడిగితే ఆమె చెప్పిన జవాబు ఈ ప్రాంతపు ఆసుపత్రుల్లో పనిచేసిన వారికే అర్థమవుతుంది. ఇక్కడ రోగి తరఫు వాళ్లే కింది మందుల షాపు నుంచి ఒక్కొక్క మందు కొని పైకి తెస్తారు. తెచ్చిన మందు నిజంగా రోగికి వేశారా, చాటుగా షాపుకే తిరిగి పోయిందా అన్న అనుమానం ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. అంతకు ముందు సంవత్సరం ఒక కుటుంబం ఆ విషయం మీద పెద్ద గొడవ చేసింది, అద్దాలు పగిలాయి. అప్పటి నుంచి యాజమాన్యం ఒక నియమం పెట్టింది. మందు ఏదైనా మంచం దగ్గరే, తరఫు మనిషి చూస్తుండగానే విప్పాలి, మొత్తం వాడినట్టు చూపించాలి. నియమం నిజాయితీ కోసం పెట్టింది. సునంద దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. ఆ టకటక అందుకే.

శుక్రవారం ఉదయమే పొడి ఆపించాను. మధ్యాహ్నానికి వేణు ఇద్దరి మెడ గొట్టాలూ తీయించాడు. గట్టి మందు ఆంఫోటెరిసిన్ కరీంనగర్ నుంచి తెప్పించి మొదలుపెట్టాడు. పొట్లం చేతిలో పెట్టుకుని చాలాసేపు తిప్పి చూశాడు. “నేనే రాసిన మేడం,” అన్నాడు.

ఆ సాయంత్రం ఇద్దరం ఆసుపత్రి యజమాని దగ్గరికి వెళ్లాం. ఆయన కూడా డాక్టరే. లచ్చవ్వను లోపలికి రానివ్వమని అడిగాను. ఆయన శాంతంగా విన్నాడు.

“మేడం, మీ ప్లేట్లు పెరగనీయుండ్రి. రుజువు లేకుంట ఇయ్యాల ఒక మాట, రేపు ఒక మాట అంటె బయట ఏమైతదో మీకెరుకే గద. ఆదివారం చూద్దాం.”

ఆమెను ఆపడానికి ఒక వాసన సరిపోయింది. ఆమెను రానివ్వడానికి రుజువు కావలసి వచ్చింది. ఈ మాట నేను ఆయన ముఖం మీదనే అన్నాను. ఆదివారం అనే మాట మారలేదు.

శనివారం తెల్లవారి మల్లాగౌడ్ రక్తపోటు పడిపోయింది. మళ్లీ వెంటిలేటరు పెట్టారు. మూత్రం ఆగింది. ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు చనిపోయాడు. లచ్చవ్వ అప్పుడు రెండవ అంతస్తు మెట్ల మీద ఉంది. గార్డు ఆమెను పిలిచేసరికి పైన దుప్పటి కప్పేశారు. ఆమె ఏడవలేదు. లోపలికి వచ్చి, గార్డు వైపు తిరిగి అడిగింది.

“ఇప్పుడు రావచ్చునా?”

గార్డుకు అప్పటికీ రానివ్వమని ఉత్తర్వు ఏదీ రాలేదు.

ఆదివారం ఉదయం ప్లేట్లు తీశాం. తలుపు దగ్గరి ప్లేటు మీద ఏమీ లేదు. ఏసీ కింద రెండు మచ్చలు. టీచర్ దిండు పక్కది ముప్పైకి పైగా. మల్లాగౌడ్ దిండు పక్కది లెక్కపెట్టడానికి వీలులేనంత, గోడకు సున్నం వేసినట్టు. సునంద వేళ్ల ప్లేటు మీద అయిదు వేళ్ల ఆకారం స్పష్టంగా, దట్టంగా పెరిగింది. శ్రీకాంత్ ఈసారి వాసన చూడలేదు.

తర్వాతి వారం ప్రత్యేకమైన పోషకం మీద పెంచి రంగు వేస్తే, ఆ జాతికి గుర్తయిన బీజకణాలు ఎర్రగా కనిపించాయి. ఇద్దరి రక్తంలోని ఈస్టు, పొట్లంలోని ఈస్టు ఒకటేనని హైదరాబాదులోని పెద్ద ప్రయోగశాల కూడా తేల్చింది.

ఈ సంగతి కుటుంబానికి చెప్పాలా వద్దా అన్న చర్చ ఆసుపత్రిలో జరిగింది. చెప్పవద్దన్న వారి మాటలు ఇక్కడ రాయను. మార్చి 18, ఆదివారం, వేణు తన కారులో నన్ను మల్లాగౌడ్ ఊరికి తీసుకువెళ్లాడు. ఆయన రానక్కరలేదని అన్నాను. వస్తానన్నాడు.

ఇంటి ముందు బంధువులు కూర్చుని ఉన్నారు. లచ్చవ్వ పక్కన ఎవరూ లేరు. ఆమె గోడ వారగా విడిగా ఉంది. మా వైపు చూసి అత్త అంది.

“ఏమచ్చిండ్రు? కల్లు పోసి సంపినదని మళ్లొకసారి చెప్పనీకి అచ్చిండ్రా?”

నేను నిలబడే చెప్పాను. అందరికీ వినపడేట్టు, అర్థమయ్యే మాటల్లో. ఆమె ఏమీ పోయలేదు. ఆయన రక్తంలో పెరిగింది కల్లు కాదు. మేము విరేచనాలకు ఇచ్చిన పొడి. దాన్ని మంచం మీద చింపడం వల్ల గాలిలో లేచి, చేతుల ద్వారా మెడ గొట్టంలోకి దిగింది. తప్పు ఆసుపత్రిది. వేణు చేతులు జోడించి ఆ మందు తానే రాశానని చెప్పాడు.

రాజాగౌడ్ లేచి నిలబడ్డాడు.

“సీస నాది. గప్పుడే చెప్పాలె. మా అమ్మకు భయపడి చెప్పలే.” తర్వాత వదిన వైపు చూడకుండా అన్నాడు. “ఎనిమిది దినాల సంది మా వదినె చేతి నీళ్లు ఎవ్వలం ముట్టలే, డాక్టరమ్మా.”

లచ్చవ్వకు ఊరట కలుగుతుందని నేను అనుకున్నాను. ఆమె నన్ను అడిగింది వేరు.

“గా పొట్లాలా? తెల్లయి, చిన్నయి?”

అవునన్నాను.

“గవి తెచ్చింది నేనే గద. దినాం మూడు సార్లు మెట్లు దిగి తెచ్చిన. సిస్టర్ పోస్తాంటె అద్దంల నుంచి చూసేదాన్ని. అడుగున మిగిలింది, మంచిగ కొట్టు బిడ్డా అని నేనే చెప్పిన. మంచిగ కొట్టేది, పాపం.”

వేణు లేచి కారు వైపు వెళ్లిపోయాడు. నేను ఆమె పక్కన గోడ వారగా కూర్చున్నాను. చెప్పవలసినది అంతా చెప్పాను. కొంతసేపటికి అత్త లోపలికి వెళ్లి, చెంబుతో నీళ్లు తెచ్చి కోడలి ముందు పెట్టింది. లచ్చవ్వ ఆ నీళ్లు ముందు నాకు ఇచ్చింది.

ఆ నెలలోనే కోరుట్ల, సిరిసిల్ల శాఖలకు వెళ్లాను. రెండు చోట్లా అదే పొడి, అదే పద్ధతి. సిరిసిల్లలో నా ఎదుటే ఒక సిస్టర్ పొట్లాన్ని మరమగ్గం కార్మికుడి మెడ గొట్టం పైన చింపబోయింది. చేయి పట్టుకున్నాను. కోరుట్లలో పెద్ద సిస్టర్‌కు కోపం వచ్చింది.

“చాటుకు విప్పితె దొంగతనం అంటరు. ముంగట విప్పితె మీరు వద్దంటున్నరు. ఇగ యాడ విప్పాలె మేడం, మిద్దెక్కి విప్పాల్నా?”

ఆమె ప్రశ్న న్యాయమైనదే. జవాబు ఇవ్వకుండా నియమం మార్చితే ఎవరూ పాటించరు. అందుకే మూడు ఆసుపత్రుల్లోను ఐసీయూ బయట, మంచాలకు దూరంగా అద్దాల అర ఒకటి కట్టించాం. మందు అక్కడ విప్పుతారు. తరఫు మనిషి అద్దం అవతల నిలబడి చూస్తాడు. కలిపిన ద్రవం మూత పెట్టి లోపలికి వెళుతుంది. విప్పిన మనిషి గ్లోవ్స్ పారేసి, చేతులు కడిగి, కొత్తవి వేసుకుంటుంది. మెడలో గొట్టం ఉన్నవారికి ఆ పొడి అసలే రాయరు. వారి గదిలో ఇంకొకరికి కూడా రాయరు. 2021లో నేను పని మానేసే దాకా మూడు చోట్లా రక్తంలో ఆ ఈస్టు మళ్లీ పెరగలేదు.

ఈ సంఘటన నాకు నేర్పినది ఇది. ఈస్టుకు సొంత బలం పెద్దగా లేదు. దానికి దారి మనం వేస్తాం. ఒక రోగికి ఇచ్చే మందు పక్క రోగికి జబ్బు కావచ్చు కాబట్టి, మందు ఎవరికి ఇస్తున్నామన్నదే కాదు, ఎక్కడ విప్పుతున్నామన్నది కూడా రాయించాలి. క్రిమి పేరు తేలకముందు మనిషి పేరు చెప్పకూడదు. ఇంటివాళ్లను బయట పెట్టడానికి ఎంత రుజువు అడుగుతామో, లోపలికి రానివ్వడానికి అంతకన్నా ఎక్కువ అడగకూడదు.

పోయినవి ఇవి. మల్లాగౌడ్ ప్రాణం. శకుంతల టీచర్ బతికి ఇంటికి వెళ్లింది, కాని ఆంఫోటెరిసిన్ వల్ల మూత్రపిండాల బలం సగం పోయింది. సునంద సిస్టర్ పదకొండేళ్ల వృత్తి పోయింది. ఎవరూ పొమ్మనలేదు, ఏప్రిల్ నుంచి ఆమె రాలేదు. లచ్చవ్వకు భర్త మంచం పక్కన ఉండవలసిన మూడు రోజులు పోయాయి. అందులో రెండు రోజులు ఆయన మాట్లాడగలిగే స్థితిలోనే ఉన్నాడు.